నల్లమలకు విహారానికి వెళ్లడం అడవికి మేలా, కీడా?

డిసెంబరులో పిల్లలతో నల్లమల వెళ్లి రెండు రాత్రులు అడవి బసలో ఉండాలనుకుంటున్నామని రాశారు. పర్యావరణ పర్యాటకం అంటే అడవిని అమ్ముకోవడమేనని మీ తమ్ముడు అంటున్నారు. ఆ టిక్కెట్టు డబ్బే పులిని బతికిస్తోందని మీ స్నేహితురాలు అంటున్నారు. ఎవరి మాట వినాలో తేలడం లేదన్నారు. చివర్లో మీరు వేసిన ఇంకో ప్రశ్న నన్ను ఎక్కువగా పట్టుకుంది. పులి కోసం చెంచులను ఖాళీ చేయమంటున్న అడవిలోకే మమ్మల్ని జీపులో ఎలా రానిస్తున్నారు అని అడిగారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా నల్లమల అంచు ఊళ్లలోనూ, చెంచు ఆదివాసుల చిన్న గూడేలైన పెంటల్లోనూ పని చేస్తున్నాను. అందులో ఏడేళ్లు అడవి బసల దగ్గర గైడ్లుగా చేరిన చెంచు యువకులకు శిక్షణ ఇవ్వడంలో గడిచాయి. వాళ్లలో కొందరు ఇవాళ ఆ సంపాదన మీదే ఇల్లు నడుపుతున్నారు కాబట్టి ఈ విషయంలో నేను పూర్తిగా తటస్థుణ్నని చెప్పుకోలేను. అదే పర్యాటకం చేసిన నష్టాన్ని కూడా దగ్గరుండి చూశాను. మీ ప్రయాణం సంగతి ముందే చెబుతాను: వెళ్లండి. ఎక్కడ దిగుతారు, డబ్బు ఎవరి చేతికి ఇస్తారు, ఏ కాలంలో వెళ్తారు అన్న మూడింటిని బట్టి మీ రాక అడవికి మేలో కీడో అవుతుంది. చెంచుల గురించి మీరు అడిగిన ప్రశ్నకు మాత్రం అంత సులువైన జవాబు లేదు. ఈ సమాధానంలో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు అడవి లెక్క చూద్దాం. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. 1983లో అది పులుల రక్షణకు కేంద్రం నడిపే ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు కృష్ణకు ఉత్తరాన ఉన్న అడవి అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా తెలంగాణలో మిగిలింది, దక్షిణాన ఉన్నది పాత పేరుతోనే ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది. అమ్రాబాద్ విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ వైపు ఉన్నది 3,296 చదరపు కిలోమీటర్లు, దేశంలోని టైగర్ రిజర్వులన్నింటిలోకీ పెద్దది. ఇంత అడవిలో పులులు ఎన్ని? 2022 జాతీయ అంచనా ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21. దేశం మొత్తం మీద 3,682.

ఈ అంకెలను ఊరికే చెప్పలేదు. నల్లమల ఎండు ఆకురాల్చు అడవి. జింకలు, దుప్పులు మధ్యభారతపు పచ్చిక మైదానాల్లోలాగా మందలు మందలుగా కనిపించవు. మేత పలచన, నీరు పలచన, అందుకే పులికి కావలసిన తావు ఎక్కువ. మూడు గంటలు జీపులో తిరిగితే పులి కనిపిస్తుందన్న ఆశతో రాజస్థాన్‌లోని రణథంబోర్‌కు వెళ్లినట్టు ఇక్కడికి రాకూడదు. నేను నల్లమలలో పులిని కళ్లతో చూసిన సందర్భాలు రెండు చేతుల వేళ్లకు మించవు. అడుగు జాడ, చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు, కొండముచ్చు వేసే హెచ్చరిక కేక, బోద గడ్డిలో నలిగిన దారి, ఇవి ఇక్కడి దర్శనాలు. అతిథికి పులిని చూపించి తీరాలన్న ఒత్తిడి మొదలైన చోట అడవి నిర్వహణ పక్కదారి పడుతుంది. నీటి తొట్టి జంతువుకు ఎక్కడ అవసరమో అక్కడ కాకుండా జీపు దారికి కనిపించే చోట పెట్టాలనిపిస్తుంది. దారికి ఇరువైపులా పొదలు నరికితే చూపు ఆనుతుందనిపిస్తుంది. పొద తీసిన చోట ఎండ పడి, అక్కడ మొలిచేది లాంటానా అనే పరాయి కలుపు పొద.

ఇక జనం లెక్క. నల్లమలలోకి వచ్చే మనుషుల్లో సఫారీ టిక్కెట్టు కొన్నవాళ్లు ఎంతమంది అనుకుంటున్నారు? పిడికెడు. అసలు బరువు శ్రీశైలం యాత్రది, హైవేది. శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం దాకా వేల మంది అడవిలో నడిచి వస్తారు. ఉగాదికి కర్ణాటక భక్తులు కాలినడకన ఇదే అడవి దాటుతారు. అమ్రాబాద్ వైపు కోర్ అడవి, అంటే పులుల కోసం కేటాయించిన లోపలి అడవి, నడుమ ఉన్న సలేశ్వరం లోయకు చైత్ర పౌర్ణమి రోజుల్లో జనం పోటెత్తుతారు. అది ఎండలు ముదిరే వేళ. ఆకు రాలి నేలంతా ఎండి ఉంటుంది, ఒక్క బీడీ ముక్క చాలు. లోయలోని ఆ నీటి మీద ఆధారపడిన జంతువులు ఆ కొద్ది రోజులూ అటు రాలేవు.

దీన్ని భక్తికి వ్యతిరేకంగా రాస్తున్నానని అనుకోకండి. మల్లన్నను అల్లుడిగా, అహోబిలం నరసింహుణ్ని చెంచులక్ష్మి మొగుడిగా చెప్పుకునే జనం అడవి ఇది. చెంచులు లేకుండా ఈ యాత్రలు లేవు, యాత్రలు లేకుండా నల్లమల చరిత్రా లేదు. నేను అడిగేది ఒక్కటే: పర్యావరణ భారాన్ని కొలిచేటప్పుడు జీపులో కూర్చున్న నలుగురిని లెక్కపెట్టి, ప్లాస్టిక్ సీసాలతో నడిచే వేల మందిని వదిలేస్తే ఆ లెక్క ఎవరికి పనికొస్తుంది? జాతీయ స్థాయి మార్గదర్శకాలు తీర్థయాత్రలను కూడా పర్యాటకంతో కలిపి నియంత్రించాలనే చెబుతాయి. ఆచరణలో సఫారీకి గేటు, రసీదు, వేళలు ఉంటాయి. జాతరకు ఆ రోజుకు దొరికిన సిబ్బంది, వాళ్ల ఓపిక మాత్రమే ఉంటాయి.

రోడ్డు విషయంలో కొంత మంచి జరిగింది. మన్ననూరు నుంచి దోమలపెంట వైపు వెళ్లే శ్రీశైలం రహదారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. దోర్నాల ఘాట్ వైపు కూడా రాత్రి రాకపోకలకు నిషేధం ఉంది. తెల్లవారుజామున గేటు తెరవకముందు ఆ తారు రోడ్డు మీద నడిచి చూస్తే దుప్పి గిట్టల గుర్తులు, ముళ్లపంది రాల్చిన ముల్లు, కొన్నిసార్లు చిరుత జాడ ఉంటాయి. తొమ్మిది గంటల పాటు రోడ్డు మళ్లీ అడవి అవుతుంది. నల్లమలలో ఏ ఒక్క సఫారీ నిబంధన కన్నా ఈ మూసివేత చేసిన మేలు పెద్దదని నేను నమ్ముతాను.

ఇప్పుడు చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణతో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది, టైగర్ రిజర్వులో కోర్, బఫర్ అనే విభజన చట్టబద్ధమైంది. కోర్‌ను మనుషుల అలికిడి లేని చోటుగా ఉంచాలి. బఫర్‌లో మనుషులూ జంతువులూ సర్దుకుని బతకాలి. ఆంధ్రప్రదేశ్ వైపు కోర్ 2,595 చదరపు కిలోమీటర్లు, బఫర్ 700. అమ్రాబాద్‌లో కోర్ 2,166, బఫర్ 445. ఆ నిష్పత్తి గమనించండి. అడవిలో చాలా భాగం కోరే. చెంచు పెంటలు అనేకం పడింది అందులోనే.

2012 జూలైలో సుప్రీంకోర్టు కోర్ అడవుల్లో పర్యాటకాన్ని తాత్కాలికంగా ఆపేసింది. అప్పుడు దేశమంతా హోటళ్ల యజమానులు, గైడ్లు గగ్గోలు పెట్టారు. అక్టోబరులో ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు వచ్చాక ఆ ఆంక్షను తొలగించారు. వాటి ప్రకారం కోర్‌లో 20 శాతానికి మించి పర్యాటకానికి వాడకూడదు. కొత్తగా అక్కడ పర్యాటక కట్టడాలు లేపకూడదు. ఎన్ని బండ్లు తిరగవచ్చో ధారణశక్తి లెక్క కట్టాలి. ఆ లెక్క ఇలా సాగుతుంది: దారి పొడవు తీసుకుని, బండికీ బండికీ మధ్య అర కిలోమీటరు దూరం పెట్టి మొదటి అంకె రాబడతారు. వాన, మట్టి కోత, జంతువుల ఈనిక కాలం, అలికిడి వంటి కారణాలకు ఒక్కొక్క కోత వేస్తారు. చివరికి ఉన్న సిబ్బందితో ఎన్ని బండ్లను అదుపు చేయగలరో చూసి మరో కోత. సూత్రం బాగానే ఉంది. అయితే అందులోకి పోసే అంకెలు ఎవరు ఇస్తారన్నదే కీలకం. సిబ్బంది సగం ఖాళీగా ఉన్న రేంజిలో పూర్తి సిబ్బంది ఉన్నట్టు లెక్క వేస్తే ధారణశక్తి కాగితం మీద రెట్టింపవుతుంది.

మీ ప్రశ్న దగ్గరికి వచ్చాను. కోర్‌లో మనుషులు ఉండకూడదు అంటూనే 20 శాతం పర్యాటకానికి ఇవ్వడం ఎలా కుదిరింది? ప్రభుత్వం వైపు నుంచి వినిపించే జవాబును న్యాయంగా చెబితే ఇలా ఉంటుంది. పర్యాటకుడు పగలు వచ్చి పోతాడు, పొయ్యి వెలిగించడు, పశువును మేపడు, పొలం కొట్టడు. అతని రుసుము రిజర్వు ఫౌండేషన్‌కు చేరి కాపలాకు ఖర్చవుతుంది. అడవి పట్ల జనంలో అభిమానం పెరుగుతుంది. ఊరు అలా కాదు, ఏటా పెరుగుతుంది, దారి కావాలంటుంది, కరెంటు కావాలంటుంది. ఈ వాదనలో కొంత నిజం ఉంది. కోర్‌లో వేల పశువులతో, పత్తి చేలతో ఉన్న ఊరి బరువూ, పన్నెండు గుడిసెల చెంచు పెంట బరువూ ఒకటి కావు. ఆ రెండింటినీ ఒకే పదం కింద, ఒకే ప్యాకేజీ కింద చేర్చడం దగ్గరే నా అభ్యంతరం మొదలవుతుంది.

2024 జూన్‌లో ప్రాధికార సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. దేశంలోని కోర్ అడవుల్లో ఇంకా 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఉన్నాయని, వాటి తరలింపును ప్రాధాన్యంగా తీసుకోవాలని అందులో ఉంది. స్వచ్ఛందంగా కదిలే కుటుంబానికి ఇచ్చే ప్యాకేజీ 2021 నుంచి 15 లక్షల రూపాయలు. నాకు తెలిసిన కొన్ని కుటుంబాలు నిజంగానే వెళ్లాలనుకుంటున్నాయి. పిల్లకు జ్వరమొస్తే మంచం మీద మోసుకుని రోడ్డు దాకా నడిచిన తల్లి బయటి ఊరు కోరుకుంటే తప్పు పట్టే హక్కు నాకు లేదు. అయితే చట్టం ఏమంటుందో కూడా చూడాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు గుర్తించాలి. ఆ మనుషుల ఉనికి వల్ల జంతువులకు కోలుకోలేని హాని జరుగుతోందని, కలిసి బతికే మార్గం మరొకటి లేదని నిర్ధారించాలి. ఆ తర్వాత గ్రామసభ లిఖితపూర్వకంగా, స్వేచ్ఛగా ఒప్పుకోవాలి. టైగర్ రిజర్వుల గురించి చెప్పే వన్యప్రాణి చట్టంలోనే గిరిజనుల హక్కులకు భంగం కలగకుండా అనే మాట ఉంది. ఈ మెట్లు ఒక్కొక్కటీ ఎక్కిన తర్వాత వచ్చిన ఒప్పుకోలు వేరు, రోడ్డు వేయం, బోరు వేయం, బడి పెట్టం అని ఏళ్లకేళ్లు చెప్పాక విసిగిపోయి పెట్టిన వేలిముద్ర వేరు.

చెంచు చేతిలోని విద్య అడవే. తపసి బంక గీసేది, కొండ చరియకు తాడు కట్టుకుని పెద్ద తేనెపట్టు దించేది, కుంకుళ్లు, చింతపండు, ముష్టి గింజలు ఏరి గిరిజన సహకార సంస్థకు తూచేది, ఇవన్నీ నేల మారితే పనికిరాని విద్యలు. 15 లక్షలు బ్యాంకులో ఉన్న మాజీ తేనెగాడు మైదానంలో కూలీ మాత్రమే. 1940ల తొలినాళ్లలో నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ సలహాతో అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల కోసమే ఒక రిజర్వును కేటాయించింది. ఎనభై ఏళ్లలో అదే నేల మీద చెంచు అడవికి తోడు నుంచి అడవికి అడ్డంకిగా మారాడు. మారింది విధానమే. అతడు చేసే పని పెద్దగా మారలేదు.

పైగా ఈ అడవిని కాస్తున్నది ఎవరు? తుపాకుల భయంతో అడవిలోకి సిబ్బంది వెళ్లలేని కాలం నల్లమలలో చాలా ఏళ్లు నడిచింది. తర్వాత బేస్ క్యాంపులు పెట్టి, చెంచులను వాచర్లుగా తీసుకుని, కాలిబాటల మీద గస్తీ నిలబెట్టారు. ఉచ్చు ఎక్కడ కట్టి ఉంటారో ఊహించేది, కెమెరా ట్రాప్‌ను ఏ మలుపులో పెడితే పులి పడుతుందో చెప్పేది, వేసవిలో మంటను ఆకు కొమ్మలతో కొట్టి ఆర్పేది వాళ్లే. నేను పని చేసిన ఒక చోట ఆ వాచర్లకు కూలీ నెలల తరబడి అందలేదు. అయినా గస్తీ ఆగలేదు. కాపలాకు వాళ్లు కావాలి, కాపురానికి మాత్రం వద్దు అనే విధానం నాకు మింగుడు పడదు.

కర్ణాటకలోని బిళిగిరి రంగన బెట్ట టైగర్ రిజర్వులో 2011లో సోలిగ ఆదివాసుల సామూహిక అటవీ హక్కులను గుర్తించారు. 2010, 2014 లెక్కల మధ్య అక్కడ పులులు 35 నుంచి 68కి పెరిగాయి. హక్కులు ఇచ్చినందుకే పెరిగాయని నేను అనను, పులి పెరగడానికి చాలా కారణాలు ఉంటాయి. హక్కులు ఇస్తే పులి పోతుందన్న భయాన్ని మాత్రం ఆ లెక్క నిలబడనివ్వదు.

పర్యాటకుడు వచ్చి పోతాడు కాబట్టి హాని లేదు అన్న మాటను కూడా పరీక్షించాలి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో వన్యప్రాణుల విభాగమైన లాకోన్స్ శాస్త్రవేత్తలు మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్, కాన్హా అడవుల్లో పులుల మలం సేకరించి అందులోని ఒత్తిడి హార్మోన్ల అవశేషాలను కొలిచారు. పర్యాటకులు తిరిగే నెలల్లో ఆ స్థాయి, గేట్లు మూసిన నెలల్లో కన్నా ఎక్కువగా ఉందని 2019లో ప్రచురించారు. బండ్ల రద్దీతోనే ఆ తేడా ముడిపడి ఉంది. ఒత్తిడి చాలాకాలం అలాగే ఉంటే సంతానోత్పత్తి దెబ్బతింటుంది. నల్లమలలో అంత రద్దీ ఇంకా లేదు. ఆ స్థితి రాకముందే గీత గీసుకునే వెసులుబాటు మనకు ఉంది. వానాకాలం మూడు నెలలు సఫారీ మూసేయడం అందుకే అవసరం, వేసవిలోనూ బండ్లు తగ్గించాలని నా అభిప్రాయం.

నీటి మాట కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ బ్రోచరులో రాయరు. అడవి అంచున ఉన్న ఒక ప్రైవేటు రిసార్టు లోతైన బోరు వేసి ఈతకొలను కట్టింది. దాని కింద వాగులో చెంచులు చెలమ తీసుకుని తాగేవాళ్లు. రెండు వేసవులు గడిచేసరికి మార్చిలోనే చెలమ ఎండిపోయింది. బోరు వల్లే అని నిరూపించే పరికరాలు మా దగ్గర లేవు, వాన కూడా ఆ ఏళ్లలో తక్కువే. ఆ పెంట పెద్దాయన ఇసుకలో చేతులు పెట్టి తడి కోసం వెతుకుతూ, "మీ అతిథులు ఈదే నీళ్లు ఎక్కడివి నాయనా?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. అప్పటి నుంచి ఏ బస గురించి ఎవరు అడిగినా మొదట నీరు ఎక్కడి నుంచి వస్తుందో అడగమంటాను.

పర్యాటకం మేలు చేసిన చోట్లు కూడా ఉన్నాయి. కేరళలోని పెరియార్‌లో ఒకప్పుడు అడవిలో దొంగతనంగా చెట్ల బెరడు ఒలిచి అమ్మినవాళ్లనే సంఘంగా చేసి, వాళ్లనే యాత్రికులకు దారి చూపించేవాళ్లుగా, రాత్రి గస్తీ తిరిగేవాళ్లుగా మార్చారు. దొంగదారులన్నీ తెలిసినవాడికన్నా మంచి కాపలాదారు ఎవరు? మన దగ్గర మారేడుమిల్లిలో, కోరింగ మడ అడవుల్లో వన సంరక్షణ సమితులు, గ్రామ కమిటీలు పర్యాటకాన్ని నడిపిన అనుభవం ఉంది. నల్లమలలో బైర్లూటి, పచ్చర్ల అడవి బసల్లో చెంచులకు పని దొరికింది. నేను శిక్షణ ఇచ్చిన కుర్రాడొకడు మొదటి రోజు అతిథుల ముందు నోరు విప్పలేదు. మూడో నెలలో ఒక పట్నం పిల్లాడికి తడిమట్టి మీద ఎలుగుబంటి పాదాన్ని చూపిస్తూ అది ఎటు వెళ్లిందో, ఎప్పుడు వెళ్లిందో, చెదపుట్ట దగ్గర ఎందుకు ఆగిందో అరగంట చెప్పాడు. బడిలో వెనక బెంచీకి నెట్టేసిన పిల్లవాడు అక్కడ పంతులయ్యాడు. ఇది ఏ ఆదాయ పట్టికలోనూ కనిపించదు. దీని కోసమే ఏడేళ్లు ఆ పనిలో ఉన్నాను.

అయితే కూలీగా పని దొరకడం వేరు, బస నిర్వహణలో మాట చెల్లడం వేరు. గది అద్దెలో ఎంత పెంటకు వస్తుంది, ఎన్ని గదులు ఉండాలో ఎవరు తేలుస్తారు, వేసవిలో మూసేద్దామని గ్రామసభ అంటే మూస్తారా? ఈ మూడింటికీ జవాబు చెంచుల చేతిలో ఉన్న బస నల్లమలలో నేను ఇంకా చూడలేదు. సామూహిక అటవీ హక్కు పత్రం చేతికి వచ్చిన పెంటలే తమ బఫర్ అడవిలో చిన్న బసలు నడుపుకొంటే, పులికీ వాళ్లకూ మధ్య పెట్టిన ఈ పోటీలో చాలా భాగం దానంతటదే పోతుంది. జాతీయ విధానం పెట్టుబడి పెట్టాల్సింది ఇక్కడ.

విధానం ప్రస్తుతం వెళ్తున్న దిశ వేరు. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణలో జూలను, సఫారీలను, నిర్వహణ ప్రణాళికల్లో చేర్చిన పర్యావరణ పర్యాటక సదుపాయాలను అటవీయేతర పనుల కింద లెక్కించకుండా మినహాయించారు. అంటే గనికి, ఫ్యాక్టరీకి కావలసిన కేంద్ర అనుమతి ప్రక్రియ వీటికి అక్కరలేదు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తన అనుమతి లేకుండా అడవుల్లో కొత్త జూలు, సఫారీలు పెట్టవద్దని మధ్యంతర ఆదేశం ఇచ్చింది. ఎందుకంత జాగ్రత్త అంటే, ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ రిజర్వులో పఖ్రో టైగర్ సఫారీ కోసం 163 చెట్లు కొట్టడానికి అనుమతి ఉండగా, 6,000కు పైగా చెట్లు నేలకూలాయని భారత అటవీ సర్వే సంస్థ అంచనా వేసింది. ఆ సంవత్సరం మార్చిలో కోర్టు దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. పేరులో ‘ఎకో’ ఉన్నంత మాత్రాన గొడ్డలికి పదును తగ్గదు. మీ తమ్ముడి కోపానికి ఆధారం ఇలాంటి చోట్లే ఉంది.

మీ స్నేహితురాలి మాటకూ ఆధారం ఉంది. 2019లో అమ్రాబాద్‌లో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు చెంచులు, చుట్టుపక్కల ఊళ్లు, హైదరాబాద్ యువత కలిసి గొంతెత్తారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ పట్నం గొంతుల్లో చాలావరకు అమ్రాబాద్ అడవిలోని ఫర్హాబాద్ వ్యూ పాయింటు దగ్గర ఒకసారైనా నిలబడి లోయను చూసినవాళ్లవేనని నా నమ్మకం. చూడని అడవి కోసం పట్నంలో ఎవరూ రోడ్డు మీదికి రారు.

ఇక మీ డిసెంబరు ప్రయాణం. కాలం మంచిది, వాగుల్లో ఇంకా నీరుంటుంది, మంటల భయం ఉండదు. బస కోర్ బయట, బఫర్‌లోనో అంచు ఊళ్లోనో ఉందా అని ఫోనులో ముందే అడగండి. ఉద్యోగుల్లో చెంచులు ఎంతమంది, వాళ్లు చేసేది ఊడ్చే పనేనా, గైడు పని కూడానా అడగండి. చెత్త ఎక్కడికి వెళ్తుందో అడగండి. గుంటలో పూడుస్తామని చెబితే అడవిపందులు, ఎలుగుబంట్లు ఆ రాత్రే తవ్వుతాయని అర్థం. ఒకటే సఫారీ చాలు. రెండో రోజు ఉదయం గైడుతో నడవండి, పిల్లలకు అదే గుర్తుంటుంది. గైడు రుసుము రసీదు మీద విడిగా రాయించుకోండి, అప్పుడే ఆ డబ్బు అతని దాకా చేరిందో లేదో తెలుస్తుంది. ఘాట్ రోడ్డు మీద కోతులకు అరటిపండ్లు పెట్టాలని పిల్లలు మారాం చేస్తారు, పెట్టనివ్వకండి. ఆ కోతులు బండ్ల కోసం రోడ్డు మీద కూర్చుని చక్రాల కింద పడతాయి.

పెంట చూపిస్తామని ఎవరైనా అంటే, ఆ పెంటవాళ్లే పిలిచారా అని తెలుసుకున్నాకే వెళ్లండి. పిలవని పెంటలోకి కెమెరాతో వెళ్లవద్దు. తేనె కొనాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో, తీసినవాళ్ల దగ్గరే సరైన ధరకో కొనండి, బేరం చేయకండి.

మీరు ఉత్తరంలో పేరు చెప్పి అడిగిన ప్రైవేటు రిసార్టు రాత్రి సఫారీ కూడా ఇస్తామన్నదని రాశారు. కోర్ అడవిలో రాత్రి సఫారీకి అనుమతి లేదు, తొమ్మిదికి రోడ్డు గేట్లు పడతాయి. ఆ మాట చెప్పి గదులు అమ్ముతున్నారంటే మిగతా నిబంధనలను కూడా అలాగే చూస్తారు. ఆ బుకింగు రద్దు చేసుకోండి. డబ్బు వెనక్కి ఇవ్వకపోతే వాళ్లు రాత్రి సఫారీ గురించి పంపిన సందేశాన్ని దాచి ఉంచండి, దాన్ని ఎవరికి, ఎలా ఫిర్యాదుగా ఇవ్వాలో నేను చెబుతాను.